డ్రైవరు సీటు కింద రేకు

“బావా, నీ జన్మలో స్టాంపు తప్ప ఇంకేమైనా అతికించావా?”

అడిగినవాడు బావమరిది. తన సొంత టింకరింగ్ షెడ్డులో, టీ వచ్చిన వేళ, నలుగురు పనివాళ్ల ముందు అడిగాడు. పనివాళ్లు ఇంకా నవ్వాలా వద్దా అని చూస్తుండగానే, స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటున్న గుమాస్తా భార్య పకపకా నవ్వేసింది. తమ్ముడి మాటకు నవ్వడం ఆవిడకు ముప్పై ఏళ్ల అలవాటు.

గుమాస్తా ముప్పై మూడేళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని, నాలుగు నెలల కిందటే రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో ఆయన్ని నిరాడంబరుడన్నారు. ఇంట్లో ఆ గుణానికి వేరే పేరుంది. ఎంగిలి చేత్తో కాకిని తోలడు. సబ్బు బిళ్లను దారంతో మూడు ముక్కలు కోసి, ఒక్కో ముక్కను కాగితంలో చుట్టి, మీద తారీఖు రాసి అలమారలో పెడతాడు. సభలో నిజాయితీపరుడని కూడా అన్నారు. నిజమే. ఆయన సీటుకు లంచం ఇవ్వాలని ముప్పై మూడేళ్లలో ఎవరికీ తోచలేదు.

ఆయన పెళ్లి తండ్రి కుదిర్చాడు. ఉద్యోగం మేనమామ చూశాడు. ఇల్లు భార్య ఎంచింది. అందులో ఏ గదిలో ఎవరు పడుకోవాలో కూడా ఆవిడే చెప్పింది. ఎవర్నీ అడక్కుండా ఆయన కొన్నది కారు ఒక్కటే. చిన్న కారు, బూడిద రంగు, ఇరవై రెండేళ్ల వయసు. అది కూడా పోతే, ఇది నేను చేశాను అని చూపించుకోవడానికి ఆ మనిషికి ఇంకేమీ ఉండదు. ఈ సంగతి బావమరిదికి బాగా తెలుసు.

ఆ ఏడు వానలకు డ్రైవరు సీటు ముందున్న మ్యాటు తడవడం మొదలైంది. బ్రేకు తొక్కితే మడమ కింద నేల మెత్తగా దిగుతోంది. మూడు నెలల్లో ఫిట్‌నెస్ గడువు. బ్రేకు ఇన్‌స్పెక్టరు కారు కిందికి దూరి స్క్రూడ్రైవరుతో పొడిచి చూసే రకం. దిగిందంటే ఇక బండి తుక్కు కొట్టుకే.

“ఇరవై ఎనిమిది వేలవుతుంది బావా,” అన్నాడు బావమరిది, కారు కింద నుంచి లేచి చేతులు తుడుచుకుంటూ.

“పధ్నాలుగుకి చెయ్యి.”

“ఆరేళ్ల కిందట పదకొండు వేల పనిని ఇలాగే పీడించి ఆరు వేలకి చేయించుకున్నావ్. మళ్లీనా? నా దగ్గర సగం ధర పనుల్లేవు. బండి ఇచ్చెయ్, తూకానికి తీసుకుంటా.”

గుమాస్తా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది. “నేనే వెల్డింగ్ చేసుకుంటా.”

ఆ స్టాంపు ప్రశ్న పడింది అప్పుడే. నవ్వులు సద్దుమణిగాక బావమరిది గ్లాసు కింద పెట్టి పందెం కట్టాడు. “నీ చేత్తో అతికించి ఫిట్‌నెస్ పాసయ్యావనుకో, నీ మిషను ఖరీదు పైసాతో సహా నేనిస్తా. ఫెయిలయ్యావా, బండి నాది. తూకానికి కూడా కాదు, ఊరికే. ఏమంటావక్కా?”

“అందరూ విన్నారుగా,” అంది అక్క. మొగుణ్ని ఒక్క మాట అడగలేదు.

ఆ రోజు నుంచి షెడ్డులో ఆయన పేరు స్టాంపు బావ.

రిటైరైనవాడి దగ్గర మిగిలేది సమయం. గుమాస్తా దాన్ని కూడా పొదుపుగానే వాడాడు. పాత మనియార్డరు ఫారాల వెనక గళ్లు గీసి, మూడు వారాలు మిషన్ల వివరాలు రాశాడు. అన్నిటికంటే చవక రాడ్డు మిషను; గేట్లు, గ్రిల్లులు చేసేవాళ్లు వాడేది, ఎనిమిది వేలు. దాన్ని కారు రేకు మీద పెడితే అతుకు పడదు, చిల్లు పడుతుంది, కాగితం మీద సిగరెట్టు పెట్టినట్టు. అన్నిటికంటే మంచిది టింకరింగ్ షెడ్లలో ఉండే వైరు మిషను, గ్యాసు సిలిండరుతో నడిచేది. సిలిండరుకు డిపాజిట్టు కట్టాలి, నింపించాలి, వాడినా వాడకపోయినా అద్దె పోయాలి. ఏడాదికి రెండుసార్లు అతుకు వేసేవాడు సిలిండరు పెట్టుకోవడమంటే, రోజుకో టీ కోసం గుమ్మంలో గేదెను కట్టేసుకోవడమే. ఈ రెండిటి మధ్య ఇంకొకటి ఉంది, గ్యాసు అక్కర్లేని వైరు మిషను. వైరు లోపలే మందు నింపి ఉంటుంది. అది కాలి పొగై అతుకును కాపాడుతుంది. రవ్వలు ఎక్కువ, అందం తక్కువ, పైన పేరుకున్న మడ్డిని సుత్తితో కొట్టి దులపాలి. అయినా ఇంటి పనికి చాలు.

ఆ మిషన్లమ్మే దుకాణానికి ఏడుసార్లు వెళ్లాడు. ఐదోసారి నుంచి సేల్స్‌మన్ కుర్చీ చూపించడం మానేశాడు. ఆరోసారి దండం పెట్టాడు.

“సార్, ఇల్లు కొనేవాళ్లు కూడా ఇన్నిసార్లు రారు. ఇదిగో, రెండొందల ఆంప్స్. ఓడని కూడా అతికిస్తుంది. పట్టుకెళ్లండి.”

“నాకు ఓడ లేదు. ఎంత పైకి పోతుందో నాకెందుకు, ఎంత కిందికి దిగుతుందో చెప్పు.”

“కిందికా?”

“కారు రేకు మిల్లీమీటరు కూడా ఉండదు. ముప్పై ఆంప్స్‌కి దించినా నిలకడగా కాలుతుందా, టపటపలాడి ఆరిపోతుందా?”

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న. సేల్స్‌మన్ మిషనుతో వచ్చిన పుస్తకం మొదటిసారి తెరిచాడు. గుమాస్తా రెండో ప్రశ్న కూడా అడిగాడు: పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు కాల్చవచ్చు? ఈ రకం మిషన్లలో చవకది రెండు నిమిషాలు కాలిస్తే ఎనిమిది నిమిషాలు చల్లారాలట. పక్కనున్నది ఆరు నిమిషాలు ఆగకుండా కాలుతుంది, ధర రెట్టింపు.

“రెండు నిమిషాలు పని, ఎనిమిది నిమిషాలు విశ్రాంతి. మా ఆఫీసు పద్ధతే,” అని చవకదాన్ని చూపించాడు.

అది ఇంట్లో ఏసీకి పెట్టిన ప్లగ్గుతోనే నడుస్తుంది. ఎప్పుడైనా మనసు మారితే గ్యాసు తగిలించుకునే వీలు కూడా ఉంది. నల్ల అద్దం ముసుగు, తోలు తొడుగులు కలిపి పదిహేడు వేల నాలుగు వందలు.

“తొడుగులు తీసేస్తే ఎంత తగ్గిస్తావు?”

“చేతులు తీసేస్తే ఇంకా తగ్గిస్తా సార్.”

ఎంపికలో గుమాస్తా తప్పు చేయలేదు. ఈ మాట ఇక్కడే చెప్పేయాలి, ఎందుకంటే పిసినారి చవక సరుకు కొని చెడిపోవాలని వినేవాళ్లందరికీ లోలోపల ఉంటుంది. మిషను మంచిదే. తప్పు ఆయన చేతిలో ఉంది.

ముప్పై మూడేళ్లు కవర్ల మూతలు అంటించిన చెయ్యి అది. ఒక చివర మొదలుపెట్టి, ఒత్తుకుంటూ, ఎక్కడా ఎత్తకుండా రెండో చివరదాకా లాగడం దానికి వచ్చిన విద్య. ఇంటి వెనక పాత బీరువా అరలు కోసి, రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి, వెల్డింగ్ టార్చిని కూడా అలాగే లాగాడు. అతుకు నిండుగా వచ్చింది. రేకు మాత్రం వానలో తడిసి ఎండిన అట్టలా పైకి లేచి మెలిక తిరిగింది. ఇంకొకటి కోశాడు. అదీ అంతే. వారంలో బీరువా అరలు నాలుగూ అయిపోయాయి.

భార్య వెనక గుమ్మంలో నిలబడి చూసేది. “ఏమండీ, అది కారు నేలా, కుక్కకి గంజి పోసే తొట్టా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికెళ్లి తమ్ముడికి ఫోను చేసేది. ఏ రోజు వార్త ఆ రోజు చేరిపోవాలి. బావమరిది నవ్వు ఫోను స్పీకరులోంచి, వంటింటి కిటికీలోంచి పెరట్లోకి వచ్చేది.

వీధి చివర గేట్లు చేసే మేస్త్రి ఉన్నాడు. మెలిక తిరిగిన రేకు చంకలో పెట్టుకుని గుమాస్తా అక్కడికి వెళ్లాడు. మేస్త్రి రేకు వైపు చూడలేదు. మనిషి వైపు చూశాడు.

“నాలుగో నంబరు కౌంటరు కదా మీది?”

“అవును.”

“ఇప్పుడు భోజనం టైము. రేపు రండి.”

మర్నాడు వెళ్తే, చిల్లర లేదు రేపు రండి అన్నాడు.

“నేను చిల్లర అడగలేదే?”

“మేమూ అడిగేవాళ్లం కాదు.”

మూడో రోజు మేస్త్రి ఒక కాగితం, కలం చేతికిచ్చి, ఏం కావాలో రాసి, పూర్తి చిరునామాతో సంతకం పెట్టమన్నాడు. గుమాస్తా నిలబడే రాశాడు. మేస్త్రి అక్షరం అక్షరం చదివి కాగితం తిరిగిచ్చేశాడు.

“ఇంటి నంబరు దిద్దారు. దిద్దితే చెల్లదు. మళ్లీ రాయండి.”

గుమాస్తా తలెత్తి చూశాడు.

“పన్నెండేళ్ల కిందట మా అమ్మకి పంపిన మనియార్డరు ఇలాగే వెనక్కిచ్చారు సార్. మందులకి పంపింది. అప్పటికి క్యూలో రెండు గంటలు నిలబడ్డా.”

అమ్మ ఏమైందని గుమాస్తా అడగలేదు. మేస్త్రీ చెప్పలేదు. గుమాస్తా రెండో కాగితం తీసుకుని, దిద్దకుండా, నెమ్మదిగా రాశాడు. మేస్త్రి దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు రేకు అందుకున్నాడు.

“ఇనుము మీద ఇంతసేపు కూర్చుంటారా ఎవరైనా? ఇక్కడొక చుక్క పెట్టండి. ఆ చివర ఇంకో చుక్క. తర్వాత మధ్యలో. చేత్తో తాకి చూడండి, వేడి దిగాకే మళ్లీ. మీరు కవరు అంటిస్తున్నారు. ముద్ర కొట్టండి.”

అంతే. ఇంకో మాట చెప్పలేదు, అవసరం కూడా లేకపోయింది. రోజుకు వెయ్యి ఉత్తరాల మీద ముద్ర కొట్టిన భుజం అది. ఠప్, ఇక్కడ. ఠప్, అక్కడ. ఆగడం, తాకి చూడడం, మళ్లీ ఠప్. చుక్కల మధ్య చుక్కలు పడి, చుక్కలన్నీ కలిసి గీత అయ్యాయి. మిషను ఎలాగూ ఎనిమిది నిమిషాలు చల్లారాలంటుంది. రేకూ అదే అడుగుతోంది. బావమరిది షెడ్డులోని పెద్ద మిషనుకైతే ఆగాల్సిన అవసరమే లేదు, అందుకే అక్కడ ఎవరూ ఆగరు. బీరువా తలుపులోంచి కోసిన ఐదో రేకు బల్ల మీద పెడితే బల్లకు అతుక్కుపోయినట్టు చదునుగా పడుకుంది.

ఇక కారు. బ్యాటరీ తీగ ఊడదీశాడు, సీట్లు తీసి పెరట్లో పెట్టాడు, కార్పెట్టు చుట్టేశాడు, ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకున్నాడు. డ్రైవరు కాళ్లుండే చోట పూసిన నల్లటి తారును ఉలితో గీరాడు. ఉక్కు ఉండాల్సిన చోట పసుపు రంగు కనిపించింది. ఇంకొంచెం గీరితే పొద్దుతిరుగుడు పువ్వు. పువ్వు కింద ‘15 లీటర్లు’ అన్న అచ్చు.

నూనె డబ్బా రేకు. చుట్టూ జిగురు, మూలకొకటి చొప్పున నాలుగు రివెట్లు, మీద తారు. మందం కొలిచి చూస్తే మిల్లీమీటరులో మూడో వంతు లేదు. ఆరేళ్లుగా ఆయన దాని మీద కాళ్లు పెట్టుకుని రోడ్ల మీద తిరిగాడు.

గుమాస్తా పక్కకు జరిగి, రెండో సీటు కింద గీరాడు. అక్కడ ఉక్కు తగిలింది. మిల్లీమీటరున్నర మందం, చుట్టూ తీరైన అతుకు, తుప్పు పట్టకుండా రెండు పూతల రంగు. అది భార్య కూర్చునే చోటు.

డబ్బా రేకును ఊడబెరికి వంటింట్లోకి పట్టుకెళ్లాడు. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది.

“ఇదేంటో తెలుసా?”

ఆవిడ ఒక్క చూపు చూసి మళ్లీ ఉల్లిపాయల మీదికి వంగింది. “ఇంకా ఉందా అది?”

“నీకు తెలుసా!”

“వాడు అప్పుడే చెప్పాడు. బావ ఇచ్చిన ఆరు వేలకి ఒక వైపే వస్తుంది, ఏ వైపు వేయమంటావక్కా అన్నాడు.”

“నువ్వేమన్నావు?”

“నేను కూర్చునే వైపు వేయమన్నా. ఇంకేమంటాను?”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?”

“చెబితే ఆ ఒక్క వైపుకి కూడా బేరమాడేవారు.”

గుమాస్తా రేకు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. కోపం తెచ్చుకోవాలని చూశాడు. మనిషి జీవితమంతా లెక్కలు సరిచూసినవాడు. ముందు లెక్కలో తప్పు పట్టుకోవాలి, తర్వాత కేకలేయాలి. పదకొండు వేల పని. ఆరు వేలు ఇచ్చాడు. ఆరు వేలకు ఒక వైపు ఉక్కు, ఒక వైపు నూనె డబ్బా. తప్పు దొరకలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన మీద భార్యకున్న అభిప్రాయం అంకెల్లో ఇంత కచ్చితంగా ఎప్పుడూ తేలలేదు. దాంపత్యంలో మాటల్లేకుండానే ఒకరినొకరు అర్థం చేసుకుంటారని పెద్దలు అంటుంటారు. వీళ్లిద్దరూ అర్థం చేసుకున్నారు. కాకపోతే ఆవిడ ఆరేళ్లు ముందుంది.

మళ్లీ పెరట్లోకి వెళ్లాడు. మెత్తబడ్డ చోటల్లా కోసేసి, గట్టి ఇనుము తగిలేదాకా వెనక్కి జరిగాడు. అట్ట మీద నమూనా గీసి కొత్త ఉక్కు రేకు కత్తిరించాడు. తొమ్మిది రోజులు ముద్రలు కొట్టాడు. రవ్వలు పడి చొక్కా జల్లెడైంది. ఒక రోజు ముసుగు దించకుండానే మెరుపు చూసి, కళ్లల్లో ఇసుక పోసినట్టై రెండు రోజులు చీకటి గదిలో పడుకున్నాడు. “తమ్ముణ్ని రమ్మంటారా?” అని భార్య తలుపు దగ్గర నుంచి అడిగింది. వద్దన్నాడు. గడువుకు ఇంకా పదకొండు రోజులుండగా చివరి చుక్క పెట్టి, మడ్డి దులిపి, రంగు వేసి, తారు పూశాడు. మచ్చలు మచ్చలుగా, కుట్లు వేసిన గాయంలా ఉంది.

బ్రేకు ఇన్‌స్పెక్టరు కారు కింద వెల్లకిలా పడుకుని టార్చిలైటు వేశాడు.

“ఎవడు చేశాడయ్యా ఇది?”

“నేనే సార్.”

“అందం చందం లేదు.” స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అంచుల్లో పొడిచాడు, మధ్యలో పొడిచాడు, మూలల్లో మడమతో తన్నినట్టు పిడితో కొట్టాడు. గుమాస్తా నిలబడినచోటే చెప్పుల్లో కాలివేళ్లు ముడుచుకున్నాడు. స్క్రూడ్రైవరు జారింది తప్ప దిగలేదు. ఇన్‌స్పెక్టరు లేచి, దుమ్ము దులుపుకుని, కాగితం మీద ముద్ర వేశాడు. ముద్ర సగమే పడింది.

“కొంచెం ఒత్తి కొట్టండి సార్,” అన్నాడు గుమాస్తా. రిటైరయ్యాక ఆయన ఎవరికైనా ఇచ్చిన మొదటి ఆజ్ఞ అదే.

ఆ కాగితం తీసుకుని తిన్నగా షెడ్డుకు వెళ్లాడు. కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. దాని పక్కన నూనె డబ్బా రేకు పెట్టాడు, పువ్వు పైకి ఉండేట్టు. పనివాళ్లు చుట్టూ చేరారు. బావమరిది మొహం ఎలా మాడిపోతుందో చూడాలని రేకు దొరికిన రోజు నుంచి మనసులో దాచుకున్న ఘడియ ఇది.

బావమరిది రేకు చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. మొహం వికసించింది.

“ఒరేయ్, ఇలా రండ్రా! చూశారా? నాలుగు రివెట్లు, కాస్త జిగురు. ఆరేళ్లు ఆగింది! పనంటే ఇదీ!”

పనివాళ్లు ఈలలు వేశారు. రేకు చేతులు మారింది. ఒకడు దాన్ని తల మీద పెట్టుకుని నాట్యం చేశాడు.

“నా ప్రాణం దాని మీద పెట్టుకుని తిరిగాను,” అన్నాడు గుమాస్తా.

“మరి ఏమైంది? ఉన్నావుగా, నిక్షేపంలా! సర్లే, మాటంటే మాటే. మిషను ఎంత? పదిహేడు నాలుగొందలా?” బావమరిది గోడ మీద సుద్దముక్కతో రాశాడు. “అప్పట్లో నువ్వు పీడించి తగ్గించిన ఐదు వేలు తీసెయ్. పన్నెండు నాలుగొందలు. అక్క వైపు నేను మందం రేకు వేశా, మామూలుది కాదు. ఆ తేడా, రంగు ఖర్చు, మూడు వేల ఎనిమిదొందలు. ఎంతయింది? ఎనిమిది వేల ఆరొందలు. ఏం, లెక్కలో తప్పుందా స్టాంపు బావా?”

తప్పు లేదని కాదు. కానీ ముప్పై మూడేళ్లు అవతలి వాళ్ల ఫారాల్లో తప్పులు పట్టిన మనిషి, ఆ సుద్ద అంకెల్ని మొదటి నుంచి సరిచూస్తూ నిలబడ్డాడు. బావమరిది జేబులోంచి రెండు వేలు తీసి చేతిలో పెట్టాడు. మిగతాది వచ్చే నెల అన్నాడు. డబ్బా రేకును మేకు కొట్టి షెడ్డు గోడకు తగిలించారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. కొత్త కస్టమర్లకు చూపిస్తారు.

వానలు మళ్లీ వచ్చాయి. గుమాస్తా వైపు మ్యాటు తడవడం లేదు. ఒక రోజు కారు దిగుతూ భార్య కాళ్ల దగ్గర చూసుకుంది.

“ఏమండీ, నా వైపు అంచుల్లో తుప్పు లేస్తోంది. మిషను ఊరికే పడుంది కదా, ఇటు కూడా ఓ చెయ్యి వేయకూడదూ?”

“నీ వైపు మీ తమ్ముడు గట్టిగానే వేశాడుగా.”

“వేసి ఏడేళ్లవుతోంది.”

“వైరు అయిపోయింది,” అన్నాడు గుమాస్తా.

అలమారలో, సబ్బు ముక్కల పక్కన, ముప్పావు చుట్ట వైరు ఉంది. చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి, మీద తారీఖు రాసి ఉంది.

బావమరిది దగ్గర నుంచి ఆరు వేల ఆరు వందలు ఇంకా రావాలి.